క్యాసెట్లో పెళ్లిని కంప్యూటర్లోకి ఎక్కించడం ఎలా?

గురజాల, దాచేపల్లి, రెంటచింతల చుట్టుపక్కల 1990ల్లో పెళ్లి జరిగిన ఇల్లయితే అటక మీదో, బీరువా అడుగునో ఒకటో రెండో వీడియో క్యాసెట్లు ఉంటాయి. డబ్బా మీద స్టూడియో పేరు, వధూవరుల పేర్లు, ముహూర్తం తేదీ. వేసి చూద్దామంటే డెక్ ఉండదు. అదెప్పుడో పాత సామాన్ల బండికి వెళ్లిపోయి ఉంటుంది. క్యాసెట్ భద్రంగా ఉందిగా, ఎప్పుడో ఒకప్పుడు చూసుకోవచ్చులే అనుకుంటాం.

అలా అనుకోవడానికి ఇక వీల్లేదు. జపాన్‌లో జేవీసీ కంపెనీ వీహెచ్ఎస్ అనే ఈ క్యాసెట్ పద్ధతిని 1976లో తెచ్చింది. డెక్‌లు చేస్తూ చివరిదాకా మిగిలిన ఫునాయ్ కంపెనీ 2016 జులైలో తయారీ ఆపేసింది. ఈ రోజు దొరికే ప్రతి డెక్కూ పాతదే. దానికి కావాల్సిన సామాను కూడా ఇంకో పాత డెక్ విప్పి తీయాల్సిందే. ఆస్ట్రేలియా జాతీయ చలనచిత్ర, శబ్ద భాండాగారం వాళ్లు 2015లోనే హెచ్చరించారు, 2025 నాటికి డిజిటల్‌లోకి మార్చని టేపుల్లో చాలావాటిని దక్కించుకోలేమని. టేపులన్నీ ఒకేసారి చెడిపోతాయని కాదు వాళ్ల భయం. టేపు బాగానే ఉన్నా ఆడించే యంత్రమూ, దాన్ని బాగుచేసే మనిషీ దొరకరని.

పని కష్టమేమీ కాదు, ఓపిక కావాలి. దీనికంతటికీ ఒకటే నియమం. క్యాసెట్లో ఉన్నది ఉన్నట్టు, మచ్చలూ గీతలతో సహా, ముందు కంప్యూటర్లోకి తెచ్చుకోవాలి. రంగులు దిద్దడం, పాటలు మార్చడం, అనవసరమైనవి కోయడం అన్నీ ఆ తర్వాత, అదీ నకలు ఫైలు మీదే.

ముందు ఏ క్యాసెట్?

నాలుగైదు క్యాసెట్లుంటే అందరూ పెళ్లి క్యాసెట్‌తోనే మొదలుపెడతారు. నేనైతే దాన్ని చివరికి ఉంచమంటాను. మొదటి కారణం, చెయ్యి తిరిగాక చేస్తే పని శుభ్రంగా వస్తుంది. రెండోది, పెళ్లి క్యాసెట్ మీ ఒక్కరి దగ్గరే ఉండదు, అవతలి వియ్యంకుల ఇంట్లో ఇంకో కాపీ ఉండే అవకాశం ఉంది. బంధువెవరో చేతి కెమెరాతో తీసిన క్యాసెట్ అలా కాదు, అది లోకంలో ఒక్కటే. కార్తీకంలో కారంపూడి వీరుల ఉత్సవాలకో, శివరాత్రికి కోటప్పకొండ ప్రభలకో వెళ్లినప్పుడు తీసిన అరగంట ముక్కలో ఇప్పుడు లేని తాతయ్య మాట్లాడుతూ ఉండొచ్చు. తీసేటప్పుడు ఎవరికీ దాని విలువ తెలియదు. ఆ పల్నాటి వీరుల కథనే కథాగాయకుడు అలిశెట్టి గాలెయ్య పాడుతుంటే అమెరికా నుంచి వచ్చిన పరిశోధకుడు జీన్ రోఘైర్ రికార్డు చేసుకున్నాడు. ఆ రికార్డింగే ఆధారంగా 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి పుస్తకం వెలువడింది. మీ క్యాసెట్లో ఏ తిరునాళ్ల కథాగానం మూలన వినిపిస్తోందో ఎవరికి తెలుసు?

పెళ్లి క్యాసెట్ సంగతిలో ఇంకో కిటుకు ఉంది. మన చేతికి వచ్చింది అసలు కాదు, కాపీ. స్టూడియో వాళ్లు కెమెరాలో తీసిన క్యాసెట్లు వేరు. వాటిని ముందేసుకుని మిక్సింగ్ చేసి, గుండె ఆకారాల్లోంచి వధూవరుల ముఖాలు తెప్పించి, సినిమా పాటలు కలిపి, దాని నుంచి కాపీ తీసి ఇచ్చారు. టేపు నుంచి టేపుకు దిగిన ప్రతిసారీ బొమ్మ మసకబారుతుంది. పైగా పాటల కింద అసలు శబ్దం సమాధి అయిపోతుంది. మేళం పోతుంది, మేనత్తల ఎకసెక్కాలు పోతాయి. అందుకని ఆ స్టూడియో ఇంకా నడుస్తుంటే, పాత యజమాని కొడుకు నడుపుతున్నా సరే, ఒకసారి వెళ్లి పాత మాస్టర్ క్యాసెట్లు ఏమైనా మిగిలాయేమో అడగండి. చాలాచోట్ల వాటి మీదే మళ్లీ ఇంకో పెళ్లి రికార్డు చేసేవాళ్లు కాబట్టి ఆశ తక్కువే, కానీ అడిగితే పోయేదేమీ లేదు.

క్యాసెట్ రకం కూడా చూసుకోండి. అరచేతికంటే పెద్దదైతే వీహెచ్ఎస్. ఆడియో క్యాసెట్ అంత ఉంటే వీడియో8 లేదా హై8, దాన్ని ఆడించాలంటే ఆ రకం చేతి కెమెరానే కావాలి. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఉంటే మినీడీవీ. అమెరికాలో ఉన్న బంధువులు పంపిన క్యాసెట్ అయితే అది ఎన్‌టీఎస్‌సీ పద్ధతి, మనది పాల్. మన బొమ్మ సెకనుకు 25 ఫ్రేములు, వాళ్లది దాదాపు 30. డెక్ రెండూ ఆడించేదో కాదో చూసుకోకుండా వేస్తే తెర దొర్లుతుంది, రంగు పోతుంది. క్యాసెట్ పాడైందని కంగారు పడకండి.

మన ఎండ, మన దుమ్ము

వేసవిలో ఎండల వార్తల్లో రెంటచింతల పేరు రాని ఏడు ఉండదు. గురజాల దానికి పక్కనే. రేకుల కప్పు కింద, నాపరాళ్ల అటక మీద పాతికేళ్లు ఉన్న క్యాసెట్ ఎన్ని మే నెలలు చూసి ఉంటుందో ఆలోచించండి. వీడియో టేపు అంటే సన్నటి ప్లాస్టిక్ రిబ్బను మీద ఐరన్ ఆక్సైడ్ పొడిని జిగురుతో పట్టించినది. బొమ్మ ఉండేది ఆ పొడిలో. వేడికి రిబ్బను సాగుతుంది, వానాకాలపు తేమకు జిగురు మెత్తబడుతుంది, బూజు పడుతుంది. పిడుగురాళ్ల వైపు ఇళ్లయితే సున్నపు దుమ్ము అదనం.

క్యాసెట్ దించగానే డెక్‌లో వేయొద్దు. ముందు గుడ్డతో పైన తుడిచి, కిటికీలాంటి పారదర్శక భాగంలోంచి చుట్టను వెలుతురులో చూడండి. నల్లగా, నున్నగా ఉంటే మంచిదే. అంచుల మీద తెల్లటి పొడి, బూడిద రంగు మచ్చలు కనిపిస్తే అది బూజు. బూజు క్యాసెట్‌ను ఒక్కసారి ఆడించారా, డెక్‌లో టేపును చదివే హెడ్డుకు అంటుకుంటుంది, అక్కడి నుంచి తర్వాత వేసే ప్రతి క్యాసెట్‌కూ అంటుకుంటుంది. అలాంటిదాన్ని వేరే కవర్లో పెట్టి పక్కనుంచండి. అనుభవం ఉన్నవాళ్లకు ఇవ్వాల్సిన పని అది. మీరే తుడవాలనుకుంటే ఆరుబయట, మూతికి మాస్కు కట్టుకుని చేయండి.

బాగున్న క్యాసెట్‌నూ ఒక రోజంతా గదిలో నీడన ఉంచండి. వెనక అంచున ఎడమవైపు చిన్న ప్లాస్టిక్ పలుకు ఉంటుంది. అది ఉంటే విరిచేయండి, విరిగిన చోట ఎవరైనా సెల్లోటేపు అంటించి ఉంటే పీకేయండి. ఆ పలుకు లేకపోతే డెక్ రికార్డు చేయదు, పొరపాటున ఎర్ర బటన్ నొక్కినా పెళ్లి చెరిగిపోదు. తర్వాత ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్, మళ్లీ మొదటిదాకా రివైండ్ చేస్తే ఏళ్ల తరబడి ఒకే బిగింపులో ఉన్న చుట్ట సర్దుకుంటుంది.

టేపు తెగి ఉంటే పారేయకండి. వీహెచ్ఎస్ డబ్బా అడుగున 5 మరలుంటాయి, అవి విప్పితే తెరుచుకుంటుంది. తెగిన చోట అతకడానికి టేపు అతికే ప్రత్యేకమైన అంటు పట్టీ వాడాలి. మామూలు సెల్లోటేపు జిగురు ఎండకు కారి హెడ్డును పట్టేస్తుంది.

డెక్ సంపాదించడం

మనకు కావాల్సింది ఆడించడమే కాబట్టి రికార్డింగ్ లేని వీసీపీ అయినా చాలు. ఊళ్లో ఒకప్పుడు రాత్రికింతని టీవీతో కలిపి డెక్ అద్దెకిచ్చినవాళ్లను ముందు అడగండి, మూలన ఒకటి పడి ఉండొచ్చు. లేదంటే హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ, ఆదివారం ఎర్రగడ్డ సంత, ఆన్‌లైన్‌లో పాత వస్తువుల అమ్మకాలు. కొనేముందు తప్పకుండా ఒక పాత సినిమా క్యాసెట్ వేసి, ఆడించి, ఫార్వర్డ్, రివైండ్ చేసి, బయటికి తీయించి చూడండి. లోపల రబ్బరు బెల్టులు, చక్రాలు గట్టిపడి ఉంటే తీసేటప్పుడే టేపు నమిలేస్తుంది. ఏ డెక్‌లోనైనా మొదట వేసేది పోయినా పర్వాలేదనుకునే క్యాసెట్‌నే. ఎంతమంది చెప్పినా, షాపతను నవ్వినా, ఈ ఒక్క విషయంలో పట్టు వదలకండి.

ఇంటికి తెచ్చాక హెడ్ క్లీనింగ్. లోపల మెరిసే డ్రమ్ము మన పాల్ పద్ధతిలో సెకనుకు 25 చుట్లు తిరుగుతుంది. దాని అంచున ఉండే రెండు హెడ్లు ఒక్కో చుట్టులో చెరో సగం బొమ్మ చదువుతాయి, రెండు సగాలు కలిస్తే ఒక ఫ్రేము. ఆ హెడ్డు మీద కంటికి కనపడనంత దుమ్ము పడ్డా తెరంతా చుక్కలే. ప్లగ్ పీకేసి, మూత విప్పి, పోగులు ఊడని మెత్తటి గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి డ్రమ్ముకు ఆనించి కదలకుండా పట్టుకోండి. రెండో చేత్తో డ్రమ్మునే మెల్లగా తిప్పండి. గుడ్డను పైకీ కిందికీ రుద్దితే హెడ్డు విరుగుతుంది. దూదిపుల్లలు వద్దే వద్దు, పోగులు చిక్కుకుంటాయి. దీనికి మీకు ధైర్యం చాలకపోతే పిడుగురాళ్లలోనో నరసరావుపేటలోనో పాత టీవీ మెకానిక్ ఎవరైనా పది నిమిషాల్లో చేసిపెడతారు.

తీగలు, క్యాప్చర్ డబ్బా

డెక్ వెనక పసుపు, తెలుపు, ఎరుపు సాకెట్లుంటాయి. పసుపు బొమ్మకు, మిగతావి శబ్దానికి. పాత డెక్‌కు శబ్దం సాకెట్ ఒకటే ఉంటే అది మోనో, కంగారు అక్కర్లేదు. ఈ తీగల్ని యూఎస్‌బీ క్యాప్చర్ డబ్బాకు కలిపి, దాన్ని కంప్యూటర్‌కు పెట్టాలి.

డబ్బా ఎంపికలోనే చాలామంది దెబ్బతింటారు. ఆన్‌లైన్‌లో అన్నిటికంటే చౌకగా వచ్చేవాటిలో ఒకే పేరుతో లోపల వేర్వేరు చిప్పులుంటాయి. ఒకటి బాగా పనిచేస్తే ఇంకోటి రంగులు చంపేస్తుంది. ఇంకో తప్పుదారి, పసుపు తీగను హెచ్‌డీఎంఐగా మార్చే డబ్బా కొని దానికి హెచ్‌డీఎంఐ క్యాప్చర్ పెట్టడం. హెచ్‌డీ అనే మాటకు మోసపోకండి. అది 576 గీతల బొమ్మను సాగదీసి, సగం బొమ్మలను ఎలా పడితే అలా కలిపేసి పంపుతుంది. తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని విడదీయలేదు. మనకు కావాల్సింది 720×576 కొలతలో, పాల్‌లో, బొమ్మను ముట్టుకోకుండా ఇచ్చే డబ్బా. హాపాగ్ యూఎస్‌బీ లైవ్2 లాంటివి ఆ పని చేస్తాయి. మినీడీవీ క్యాసెట్లకు ఈ తంటా లేదు. టేపు మీద ఉన్నదే డిజిటల్ కాబట్టి కెమెరా నుంచి ఫైర్‌వైర్ తీగతో నేరుగా ఫైలు తీసుకోవచ్చు, గంటకు 13 జీబీ దాకా అవుతుంది. కొత్త ల్యాప్‌టాప్‌లకు ఆ సాకెట్ ఉండదు, ఫైర్‌వైర్ కార్డు వేసిన పాత డెస్క్‌టాప్ వెతకాలి.

నిలువు గీతలు వంకర్లు పోతూ, స్తంభాలు పాములా ఊగుతుంటే డెక్ నుంచి వచ్చే సంకేతం నిలకడగా లేదని అర్థం. ఇంట్లో పాత పానసోనిక్ డీవీడీ రికార్డర్ ఉంటే డెక్‌కూ డబ్బాకూ మధ్య దాన్ని పెట్టి చూడండి. డీఎంఆర్-ఈఎస్10, ఈఎస్15 మోడళ్లకు ఈ వంకర్లు సరిచేస్తాయని పేరు.

ఎక్కించే రోజు

ల్యాప్‌టాప్‌లో ఖాళీ ఎంతుందో ముందు చూసుకోండి. నాణ్యత ఏమాత్రం తగ్గని పద్ధతిలో గంట బొమ్మకు 30 జీబీ పైనే పడుతుంది, 3 గంటల క్యాసెట్‌కు 100 జీబీ ఖాళీ పెట్టుకోండి. విండోస్ అప్‌డేట్, యాంటీవైరస్, స్లీప్ అన్నీ ఆపేయండి. డెక్‌ను ఇన్వర్టర్ మీద ఉంచండి. ఆడుతుండగా కరెంటు పోతే టేపు డ్రమ్ము చుట్టూ చుట్టుకునే ఉండిపోతుంది. లాగొద్దు, కరెంటు వచ్చేదాకా ఆగి ఎజెక్ట్ నొక్కండి, అదే వెనక్కి చుట్టుకుంటుంది. శబ్దంలో 'గూం' అని మోత వినిపిస్తే ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. చాలాసార్లు దొంగ అదే.

సాఫ్ట్‌వేర్ ఉచితమే, వర్చువల్‌డబ్2. అందులో క్యాప్చర్ మోడ్‌కు వెళ్లి మీ డబ్బాను ఎంచుకోండి. పద్ధతి పాల్-బి, కొలత 720×576, రంగు వైయూవై2. కంప్రెషన్ దగ్గర హఫ్‌వైయూవీ లేదా లగరిత్. శబ్దం 48 కిలోహెర్ట్జ్, కుదించకుండా. ఇవి ఒకసారి పెట్టుకుంటే చాలు, తర్వాత ప్రతి క్యాసెట్‌కూ అవే. ఓబీఎస్ తేలిక అని కొందరు చెబుతారు, నిజమే. కానీ అది ఆన్‌లైన్ ప్రసారాలకు పుట్టింది, ఈ సగం బొమ్మల లెక్క దానికి పట్టదు.

ముందు రెండు నిమిషాలు ఆడించి చూడండి. తెర మీద అడ్డంగా మెరుపు పట్టీ కదులుతుంటే డెక్ ట్రాకింగ్ మీట అటూ ఇటూ తిప్పి, పట్టీ తెర బయటికి పోయాక వదిలేయండి. అప్పగింతల ఏడుపుల దగ్గరో, బాజాలు పెరిగే తాళి కట్టే దగ్గరో శబ్దం పరీక్షించండి. అక్కడ పగలకుండా వస్తే మిగతా చోట్లా వస్తుంది. ఇక మొదటికి తిప్పి, క్యాప్చర్ నొక్కి, క్షణం ఆగి ప్లే నొక్కండి. మూడు గంటల క్యాసెట్‌కు మూడు గంటలూ పడుతుంది. దీనికి అడ్డదారి లేదు. ఆ సమయంలో అదే ల్యాప్‌టాప్‌లో సినిమా చూడొద్దు. కింద 'డ్రాప్డ్' అంకె, అంటే జారిపోయిన ఫ్రేముల లెక్క, పెరుగుతోందేమో అప్పుడప్పుడు చూడండి. ఒకటీ అరా అయితే పోనివ్వండి. వందల్లోకి పోతే మాటకూ పెదవికీ పొంతన తప్పుతుంది, ఆపి మళ్లీ మొదలుపెట్టాలి.

తెర అడుగున కొన్ని గీతలు చిందరవందరగా వణుకుతుంటాయి. హెడ్లు ఒకదాని నుంచి ఒకదానికి మారే చోటు అది. పాత టీవీల్లో ఆ భాగం చట్రం వెనక దాగిపోయేది, కంప్యూటర్ దాచదు. తప్పు మీది కాదు.

ఇప్పుడు కత్తెర

అసలు ఫైలును బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేశాకే ఎడిటింగ్. కదలిక ఉన్నచోట సగం బొమ్మల వల్ల కనిపించే దువ్వెన పళ్లలాంటి గీతలు పోగొట్టడానికి హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి, డీఇంటర్లేస్ దగ్గర 'బాబ్' ఎంచుకోండి. సెకనుకు 50 ఫ్రేములతో కదలిక నున్నగా వస్తుంది. హెచ్.264లో ఎంపీ4గా తీస్తే గంటకు 3, 4 జీబీల్లో సరిపోతుంది. బొమ్మ నిష్పత్తి 4:3గానే ఉంచండి. కొత్త టీవీ నిండాలని అడ్డంగా సాగదీస్తే పెళ్లికూతురు పది కిలోలు లావెక్కుతుంది.

కోతకు, అతుకుకు షాట్‌కట్ అనే సాఫ్ట్‌వేర్ చాలు. మంచి కంప్యూటర్ ఉంటే డావిన్చీ రిజాల్వ్ ఉచిత రూపం ఉంది. మూడు గంటల్ని ముక్కలు చేయండి: ఎదుర్కోలు, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, బంతి భోజనాలు, అప్పగింతలు. చూసేవాళ్లు ముక్కల్నే చూస్తారు, మొత్తం ఎవరూ చూడరు. స్టూడియో మిక్సింగ్ గుండెకాయలను కోసేయాలనిపిస్తుంది. ఉంచండి, అవి ఆనాటి ముచ్చట.

రంగుల దగ్గర చెయ్యి కాస్త బిగబట్టాలి. వీహెచ్ఎస్‌లో రంగు వివరం నలుపు తెలుపు వివరం కంటే చాలా తక్కువగా నమోదవుతుంది. అందుకే ఎర్ర పట్టుచీర అంచు దాటి పక్కకు కారినట్టుంటుంది. రంగు గాఢత పెంచితే ఆ కారడం ఇంకా పెరుగుతుంది. హాలోజన్ లైటు పట్టిన కుర్రాడు దగ్గరికొచ్చిన చోట ముఖాలు తెల్లగా కాలిపోయి ఉంటాయి. టేపు మీదే లేని వివరం తిరిగి రాదు. ఏఐతో 4కే చేస్తామనే యాప్‌లు ఆ ఖాళీని తమ ఊహతో నింపుతాయి. మసగ్గా ఉన్న నాయనమ్మ ముఖం నున్నగా మారి ఇంకెవరిదో అయిపోతుంది. సరదాకు ఒక కాపీ చేసుకోండి, దాన్నే అసలుగా దాచుకోవద్దు.

యూట్యూబ్‌లో పెడితే మిక్సింగ్‌లో కలిపిన సినిమా పాటలకు కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది. కుటుంబానికి లింకు పంపడానికైతే ప్రైవేటుగానో అన్‌లిస్టెడ్‌గానో పెట్టినా ఆ క్లెయిమ్ తప్పదు. వాట్సాప్‌లో వీడియోగా పంపితే నలిగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైలు ఎక్కకపోతే అది ఫ్యాట్32లో ఉందన్నమాట, ఎక్స్‌ఫ్యాట్‌కు ఫార్మాట్ చేయాలి.

ఇవన్నీ చేయలేనివాళ్లు షాపుకే ఇస్తారు. తప్పు లేదు. డీవీడీ చేసివ్వమని మాత్రం అడగకండి. కోత, పాట, మెరుగులు ఏమీ లేకుండా మొత్తం ఫైలును, మీ హార్డ్ డిస్కులోనే వేసివ్వమనండి. క్యాసెట్ ఎన్ని గంటలదో, ఫైలు అన్ని గంటలుందో తెచ్చుకునే ముందే అక్కడే చూసుకోండి.

దాచడం

అసలు ఫైలు రెండు హార్డ్ డిస్కుల్లో ఉండాలి. రెండోది ఇంకో ఊళ్లో ఉన్న తమ్ముడి దగ్గరో, వియ్యంకుల దగ్గరో పెట్టండి. ఎడిట్ చేసిన చిన్న ఫైలు క్లౌడ్‌లో. ఫైలు పేరులో ఏడాది, ఊరు, సందర్భం రాయండి. పక్కనే ఒక మామూలు టెక్స్ట్ ఫైలులో ఎన్నో నిమిషానికి ఎవరు కనిపిస్తారో, ఎవరికి ఏమవుతారో రాయండి. ఇది ఒంటరిగా చేయగలిగే పని కాదు. పెద్దమ్మనో బాబాయినో పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్లు చెబుతుంటే రాసుకోవాలి.

క్యాసెట్లను మాత్రం పారేయకండి. మొదటికి చుట్టి, పుస్తకంలా నిలబెట్టి, కింది గదిలో, ఇంట్లో చల్లగా ఉండే గోడ దగ్గర ఉంచండి. స్పీకర్ల అయస్కాంతాలకు దూరంగా పెట్టండి. వీహెచ్ఎస్-డీకోడ్ అనే పేరుతో కొందరు ఔత్సాహికులు డెక్ హెడ్డు నుంచి వచ్చే ముడి సంకేతాన్నే పట్టి, మిగతా పనంతా కంప్యూటర్ చేత చేయిస్తున్నారు. పసుపు తీగలోంచి వచ్చేదాని కంటే శుభ్రమైన బొమ్మ దాంతో రాబట్టవచ్చు. ఇప్పటికది ఇంట్లో చేసుకునే పని కాదు, డెక్ విప్పి లోపల తీగ కలపాలి. అది తేలికయ్యే నాటికి టేపు మన దగ్గరే ఉండాలి.